టార్చి పట్టుకునే పని

మా వీధికి ఒకవైపు ఇళ్లు, రెండోవైపు యూనివర్సిటీ ప్రహరీగోడ. గోడ అవతల పెద్ద పెద్ద చదువులు జరుగుతాయని మాకు తెలుసు. గోడ ఇవతల మేం ఉన్నామని వాళ్లకు తెలుసో లేదో మాకు తెలియదు. ఇన్నేళ్లలో అటునుంచి ఇటు వచ్చినవల్లా క్రికెట్ బంతులు, వాటి కోసం గోడ దూకిన కుర్రాళ్లు. వాళ్లయినా మా మొహాలు చూసేవాళ్లు కాదు, మా పూలకుండీల వెనక చూసేవాళ్లు.

అలాంటిది ఒక శనివారం పొద్దున యూనివర్సిటీవాళ్లు గోడ దూకకుండా, రోడ్డు చుట్టూ తిరిగి, బుద్ధిగా మా వీధిలోకి వచ్చారు. ముందు చొక్కా చేతులు మడిచిన ఒక ప్రొఫెసరుగారు, వెనక ఇంజనీరింగ్ చదివే పిల్లలు, వాళ్ల చేతుల్లో పనిముట్ల పెట్టెలు. మా వీధి సంఘానికి ఒక గది ఉంది. అందులో ఒక టేబుల్ టెన్నిస్ బల్ల. దాని నెట్టు చిరిగిపోయి చాలా కాలమైంది, ఆడేవాళ్లకు మోకాళ్ల నొప్పులొచ్చి ఇంకా చాలా కాలమైంది. ఆ బల్లమీద దుప్పటి పరిచి, పనిముట్లు సర్ది, ప్రొఫెసరుగారు మాతో మాట్లాడారు.

"మీ ఇళ్లలో పాడైన ఫ్యాన్లు, మిక్సీలు, రేడియోలు తెండి. మా పిల్లలు బాగుచేస్తారు. అవి ఎందుకు పాడవుతున్నాయో మీరూ మేమూ కలిసి తెలుసుకుందాం. తేలిందేమిటో ముందు ఈ గదిలో మీకు చెప్పాకే మా పేపర్లలో రాస్తాం."

వీధిలో అందరికీ అనుమానమే. సంఘం అధ్యక్షుడు గొంతు సవరించుకుని, "అంతా బాగానే ఉంది గానీ సార్, మధ్యలో మీకేంటి లాభం?" అన్నాడు.

"పిల్లలకు ఇది కూడా చదువే. మార్కులుంటాయి."

"అలా చెప్పండి మరి," అన్నాడు అధ్యక్షుడు. గది మొత్తం ఊపిరి పీల్చుకుంది. ఊరికే మేలు చేస్తామంటే భయం గానీ, మార్కుల కోసమంటే ఎవరికి భయం?

షరతు మాత్రం ఒకటి పెట్టారు. వస్తువు అక్కడ పడేసి పోవడానికి వీల్లేదు. బాగయ్యేదాకా పక్కన కుర్చీలో కూర్చోవాలి. ఏది విప్పుతున్నారో చూడాలి. లోపలికి వెలుగు పడేలా టార్చి పట్టుకోవాలి. మేం చేసిపెట్టడానికి కాదు, మీతో కలిసి చెయ్యడానికి వచ్చాం అని దాని అర్థమట.

మొదటి వారమే నేను మా మిక్సీ పట్టుకెళ్లాను. ఒక కుర్రాడు దాన్ని తలకిందులు చేసి అడుగు మూత ఊడదీశాడు. ముందు ఒక బొద్దింక బయటికొచ్చింది. దాని వెనక దాని బంధువర్గమంతా వచ్చింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు కుర్చీలు వెనక్కి లాక్కున్నారు. షరతు ప్రకారం టార్చి నా చేతిలోనే ఉంది కాబట్టి, నా వంటింటి పరువు నేనే వెలుగు వేసి మరీ ఊరికి చూపించినట్టయింది. కుర్రాడు మాత్రం మంచివాడు. "మోటారు బాగానే ఉందండీ, వీళ్లు ఖాళీ చేస్తే చాలు," అన్నాడు.

నా గొడవ అలా ఉంచితే, నేను చెప్పాలనుకున్నది హలో పిన్ని గురించి.

హలో పిన్ని మా పక్కింటావిడ. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య గోడ ఒకటే. ఉద్యోగమున్నన్నాళ్లూ టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరు. చెవులకు హెడ్‌సెట్టు తగిలించుకుని, ఎదురుగా ఉన్న బోర్డులో ఈ తీగ తీసి ఆ కన్నంలో పెట్టి, ఈ ఊరి గొంతును ఆ ఊరి చెవికి కలపడం ఆవిడ పని. పెళ్లిళ్ల కబుర్లు, చావు కబుర్లు, పురుళ్ల కబుర్లు అన్నీ ఆవిడ వేళ్ల సందునుంచే పోయాయి. కానీ ఎక్స్చేంజిలో ఒక నియమముంది. రెండు గొంతులూ కలిశాక ఆపరేటరు చెవి తీసెయ్యాలి. మళ్లీ మూడు నిమిషాలయ్యాక ఒక్కసారి దూరి, "మూడు నిమిషాలైంది, పొడిగించమంటారా?" అని అడిగి తప్పుకోవాలి.

ఉద్యోగం పోయినా నియమం పోలేదు. ఎవరితో మాట్లాడినా మూడు నిమిషాలు దాటేది కాదు. గేటు దగ్గర నిలబడి కూరగాయల ధరలు చెప్పుకుంటూ ఉంటామా, ఉన్నట్టుండి ఆవిడ, "సరే, పెట్టేస్తాను," అని లోపలికి వెళ్లిపోయేది. చేతిలో ఫోను ఉండదు, ఏమీ ఉండదు. మొదట్లో కోపమేమో అనుకున్నాను. తర్వాత అలవాటైపోయింది. ఒకసారి మా ఆయనకు ఎదురుపడి, "బావున్నావా నాయనా, సరే పెట్టేస్తాను," అని ఒకే గుక్కలో అనేసిందట. "లైను కలిసేలోపే కట్ చేసింది మీ పిన్ని," అని ఆయన వారం రోజులు నవ్వుకున్నాడు.

పెళ్లి చేసుకోలేదు. అక్కాచెల్లెళ్లిద్దరే ఉండేవాళ్లు ఆ ఇంట్లో. అక్కయ్యకు నోరు మూతపడేది కాదు. రేడియో పెట్టుకుని, రేడియోలో చెప్పేదానికి కూడా జవాబు చెప్పేది. పిన్ని ఊకొట్టేది. గోడ ఇవతల మాకు రోజంతా అదే: అక్కయ్య గొంతు, రేడియో గొంతు, మధ్యమధ్య ఒక "ఊ". ఆ "ఊ"కి లోకంలో ఎవరూ లెక్కపెట్టనంత ఓపిక ఉండేదని ఇప్పుడనిపిస్తుంది.

పోయిన ఏడు అక్కయ్య పోయింది. ఆ తర్వాత కొద్దిరోజులకే రేడియో కూడా పలకడం మానేసింది. గోడ అవతల కుక్కర్ కూత, కుళాయి చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు. మనిషి గొంతు మాత్రం లేదు. ఊకొట్టడానికి ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పాలి కదా.

ఆ రేడియోనే తువ్వాల్లో చుట్టుకుని, పసిబిడ్డను తీసుకొచ్చినట్టు తీసుకొచ్చింది పిన్ని రెండో శనివారం. దాన్ని ఒక అమ్మాయి తీసుకుంది. పొట్టి జడ, కళ్లజోడు, చొక్కా జేబులో స్క్రూడ్రైవర్. తీగలు అతికే సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే చెయ్యి వణకదు కాబట్టి మేమంతా సోల్డరమ్మాయి అనేవాళ్లం.

"టార్చి కొంచెం ఇటు పిన్నిగారూ. ఇంకొంచెం. ఆ, అక్కడే. కదపకండి."

పిన్ని కదపలేదు. సోల్డరమ్మాయికి ఒక గుణముంది, చేతులు పనిలో ఉంటే నోరు దానంతటదే నడుస్తుంది. హాస్టల్ గదిలో తన స్నేహితురాలు నిద్రలో లెక్కలు చెబుతుందని, పొద్దున లేచాక అడిగితే ఆ లెక్కలు రావని చెప్పింది. మెస్సులో సాంబారు అడుగున తన మొహం కనబడుతుందని చెప్పింది. వాళ్లమ్మ ఫోన్ చేసి రోజూ తిన్నావా అనే అడుగుతుంది గానీ ఏం తిన్నావని అడగదని చెప్పింది.

"ఊ," అంటోంది పిన్ని. "ఊ."

నేను పక్క కుర్చీలోంచి చూస్తున్నాను. మూడు నిమిషాలు దాటింది. చాలా దాటింది. పిన్ని పెట్టేస్తాననలేదు. ఎలా అంటుంది? చేతిలో టార్చి ఉంది. అది కదిపితే అమ్మాయికి చీకటైపోతుంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆవిడకు లేచి వెళ్లిపోకుండా కూర్చునే కారణం ఒకటి దొరికింది.

రేడియో పలికింది. ఎవరో వాతావరణం చెబుతున్నారు. పిన్ని ఆ వానల సంగతి ఎంతో ప్రేమగా వింది. "వాల్యూమ్ నాబ్ ఒక్కటే లేదు పిన్నిగారూ," అంది అమ్మాయి. "పాత మోడల్, ఇప్పుడు దొరకదు. ఎక్కడైనా కనబడితే తెస్తాను. అప్పటిదాకా ఈ పుల్లను వేళ్లతోనే తిప్పుకోండి."

మరుసటి శనివారం పిన్ని ఇస్త్రీపెట్టె తెచ్చింది. ప్లగ్గులో వైరు వదులైంది. ఆ తర్వాత టేబుల్ ఫ్యాను. వైరు వదులే. ఆ తర్వాత మిక్సీ, అదీ అంతే. ప్రతిసారీ సోల్డరమ్మాయి దగ్గరే కూర్చునేది. వేరే కుర్రాడు ఖాళీగా ఉన్నా, "ఫరవాలేదు నాయనా, నాకేం తొందర లేదు," అని వరసలో నిలబడేది. కొత్త చీర కట్టుకుని ఇస్త్రీపెట్టె చంకలో పెట్టుకుని వెళ్లే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం మా వంటింటి కిటికీలోంచి గిన్నెలు కడిగిన నీళ్లు పారబోస్తూ చూశాను. పిన్ని తన వరండాలో పీటమీద కూర్చుని, గోడ గడియారాన్ని ఒళ్లో బోర్లా పెట్టుకుని, కూరగాయల కత్తి మొనతో వెనక స్క్రూ విప్పుతోంది. నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని, ఎంతో శ్రద్ధగా. విప్పి, లోపల ఏదో తీగ అటు తోసి, మళ్లీ బిగించింది. గడియారం చెవి దగ్గర పెట్టుకుని, ఆగిపోయిందని నమ్మకం కుదిరాక, తృప్తిగా లోపలికి వెళ్లింది.

నేను గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాను. మా ఆయనతో చెబితే నవ్వుతాడు. చెప్పలేదు. నవ్వాల్సిన విషయమే, కానీ నాకు నవ్వాలనిపించలేదు.

ఒకరింట్లో వస్తువులెన్నని ఉంటాయి? ఇద్దరు ఆడవాళ్ల కాపురం, అందులో ఒకరు లేరు. పిన్నికి పాడుచెయ్యడానికి వస్తువులు అయిపోయాయి. అప్పుడు మా గుమ్మంలోకి వచ్చింది.

"మీ మిక్సీ ఒకసారి ఇస్తావా?"

"మీది బాగైందిగా పిన్నీ?"

"అయింది. అయినా ఒకసారి ఇవ్వు."

ఇచ్చాను. ఆదివారం తిరిగొచ్చింది, ఇదివరకెన్నడూ లేనంత బాగా తిరుగుతూ. తర్వాత మా హెయిర్ డ్రయ్యరు వెళ్లింది. తర్వాత బెడ్‌లైటు. మా ఆయన కాళ్లు చాపుకుని పేపరు చదువుతూ, "మన సామానుకు ఈ మధ్య పుట్టింటి మీద మనసెక్కువైంది, ప్రతి శనివారం ప్రయాణమే," అన్నాడు.

"వెళ్లినవి నునుపు తేలి వస్తున్నాయిగా, మీకేం?"

"నాకేం లేదు. నన్ను కూడా ఒక శనివారం పంపించు, మోకాలు కిర్రుమంటోంది."

ఇదిలా నడిచిపోతే బాగుండేది. కానీ యూనివర్సిటీ గోడ అవతలివాళ్లు చదువుకునేవాళ్లు. ఒకే రకం జబ్బు పదేపదే కనబడితే దానికి కారణం వెతుకుతారు. సోల్డరమ్మాయి వెతికింది. మా వీధి చివరి రెండిళ్లలో, అంటే పిన్ని ఇంట్లో, మా ఇంట్లో, ప్రతి కరెంటు వస్తువులోనూ వైర్లు వదులవుతున్నాయి. ఎందుకు? ఆ మూల కరెంటు సరిగా లేదు. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వస్తోంది. దాంతో వైర్లు వేడెక్కి, చల్లారి, మళ్లీ వేడెక్కి స్క్రూలు వదులైపోతున్నాయి. చెబుతుంటే నేనే నమ్మేశాను. నా కళ్లతో చూసిన కత్తి మొనను కూడా ఒక నిమిషం అనుమానించాను.

ఆ అమ్మాయి ఆ ఏడాది రాయాల్సిన ప్రాజెక్టు అదే అయింది. పిన్ని ఇంట్లో ప్లగ్గుకు ఒక చిన్న పెట్టె తగిలించింది. ఎప్పుడు ఎంత కరెంటు వచ్చిందో అది గుర్తుపెట్టుకుంటుందట. దాన్ని చూసుకోవడానికి రోజూ సాయంత్రం క్లాసులయ్యాక వచ్చేది. పిన్ని టీ పెట్టేది. ఆ కొద్దిరోజులు గోడ అవతల గొంతు వినబడింది. హాస్టల్ కబుర్లు, స్నేహితురాలి లెక్కలు, సాంబారు. మధ్యమధ్య ఒక "ఊ". మా ఆయన టీవీ కట్టేసి, "రేడియో బాగా పలుకుతోందే," అన్నాడు. రేడియో కాదని నేను చెప్పలేదు.

పెట్టెలో మాత్రం ఏ దోషమూ కనబడలేదు. కరెంటు గీత గీసినట్టు వస్తోంది.

"ఎందుకు బాగుందో అర్థం కావడం లేదు పిన్నిగారూ," అంటోంది అమ్మాయి ఒక సాయంత్రం. గోడ ఇవతలికి స్పష్టంగా వినబడింది. "నేను పెట్టె పెట్టినప్పుడే బాగుంటోంది. దొంగ కరెంటు. అయినా వదలను. వచ్చే ఆదివారం, తేలిందేమిటో మీ అందరికీ చెప్పే మీటింగుకి కరెంటు ఆఫీసు ఇంజనీరుగారు కూడా వస్తున్నారు. ఆయన ముందే అడిగేస్తాను. ఇన్ని వస్తువులు పాడవుతుంటే మీరేం చేస్తున్నారని."

ఈసారి "ఊ" వినబడలేదు.

మర్నాడు పిన్ని పెరటి గోడ దగ్గరికొచ్చి నన్ను పిలిచింది. చేతిలో ఏమీ లేదు, ఏదీ అడగలేదు.

"ఆ ఇంజనీరు వచ్చి చూస్తే ఏమవుతుంది?"

"ఏమవుతుంది పిన్నీ, వైరు లాగి చూస్తాడు, కరెంటు బాగానే ఉందంటాడు."

"అందరి ముందూనా?"

"అందరి ముందే మరి."

"అప్పుడు పిల్ల ఏం చెబుతుంది?"

నేను తీగమీద బట్టలు సర్దుతున్నట్టు నటించాను. నాకు తెలుసని ఆవిడకు తెలుసని అప్పుడు అర్థమైంది. కిటికీలోంచి రెండువైపులా కనబడుతుంది కదా.

"చెప్పకపోతే ఏం పిన్నీ?" అన్నాను. "కరెంటు అన్నాక రకరకాలుగా ఉంటుంది. ఇంజనీర్లు అంటూనే ఉంటారు, పిల్లలు నేర్చుకుంటూనే ఉంటారు. చెబితే మళ్లీ మీ ఇంటి గడప తొక్కుతుందా ఆ అమ్మాయి?"

"తొక్కదు," అంది పిన్ని. ఎప్పుడో లెక్కకట్టి పెట్టుకున్నట్టు చెప్పింది. కాసేపు మా తీగమీది బట్టలు చూసింది. "ఎక్స్చేంజిలో ఒక్కోసారి తీగ తప్పు కన్నంలో పడేది. ఒకావిడ మొగుడికి చెప్పాల్సిన మాట ఇంకెవరి చెవిలోనో పడేది. అప్పుడు చూస్తూ కూర్చోకూడదు. వెంటనే లైన్లోకి దూరి, తప్పు కలిపాను, పెట్టేయండి అని చెప్పాలి. తిడతారు. తిట్లు తినాలి. ఎంత ఆలస్యం చేస్తే అంత మాట్లాడేసుకుంటారు వాళ్లు."

"ఊ," అన్నాను నేను. ఆవిడతో ఊకొట్టడం నాకదే మొదటిసారి.

"శనివారం నువ్వూ రా. ఏం మాట్లాడొద్దు, పక్కనుండు," అంది. "సరే, పెట్టేస్తాను."

శనివారం పిన్ని ఖాళీ చేతులతో సంఘం గదికి వెళ్లింది. నేను ఊరికే వెళ్లడం బాగుండదని మా రిమోటు పట్టుకెళ్లాను. దానికేం కాలేదు, మా ఆయన దాంతో వీపు గోక్కుంటాడంతే.

సోల్డరమ్మాయి కుర్చీ లాగింది. "రండి పిన్నిగారూ, ఇవాళేం తెచ్చారు?"

"ఏం తేలేదు."

"అన్నీ బాగున్నాయా? అదేంటి, అలా జరగడానికి వీల్లేదే," అని నవ్వింది అమ్మాయి.

పిన్ని కుర్చీ అంచున కూర్చుంది. అలవాటుగా బల్లమీది టార్చి చేతిలోకి తీసుకుంది. వెలిగించలేదు.

"కరెంటులో ఏం లోపం లేదమ్మా. స్క్రూలు నేనే విప్పాను."

అమ్మాయి ముందు అర్థంకానట్టు చూసింది. "ఏ స్క్రూలు?"

"అన్నీ."

"ఇస్త్రీపెట్టె?"

"ఊ."

"ఫ్యాను? గడియారం? వీళ్ల మిక్సీ?" నావైపు వేలు చూపించింది. నేను రిమోటు వెనక్కి దాచాను.

"అన్నీ నేనే. రేడియో తప్ప. రేడియో నిజంగానే పాడైంది."

సోల్డరింగ్ ఐరన్ స్టాండులో సన్నగా పొగలొస్తోంది. అమ్మాయి కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది. అప్పుడు వచ్చింది కోపం. గట్టిగా అరవలేదు, అరిచి ఉంటే బాగుండేది.

"మీ ఇంటిమీదే రాశాను పిన్నిగారూ మొత్తం. సెలవులకి మా ఊరు కూడా వెళ్లలేదు. రేపు ఆ ఇంజనీరు ముందు నిలబడి ఉంటే నన్ను..." అని ఆగిపోయింది. "ఎందుకు?"

పిన్ని టార్చిని అటూ ఇటూ తిప్పింది.

"ఏదో ఒకటి పాడైతే కూర్చోనిస్తారు కదా," అంది.

అమ్మాయి బల్లమీది స్క్రూలన్నీ ఒక డబ్బీలోకి ఊడ్చింది. "మీ ఇల్లు తీసేస్తాను అందులోంచి," అంది తలెత్తకుండా. "వీళ్లదీ తీసేస్తాను. ఇంక మీరు వెళ్లండి. తర్వాతి వాళ్లు వెయిట్ చేస్తున్నారు."

పిన్ని టార్చి బల్లమీద పెట్టింది, దొర్లిపోకుండా సరిచేసి మరీ పెట్టింది. లేచింది. నేరుగా ఇంటికి నడిచి గేటు వేసుకుంది. పెట్టేస్తానని కూడా అనలేదు.

ఆదివారం మీటింగుకి పిన్ని రాలేదు. నేను వెళ్లాను. సోల్డరమ్మాయి లేచి నిలబడి, వీధి చివరి రెండిళ్ల సంగతి తప్పుగా నమోదైందని, ఆ తప్పు తనదేనని, వాటిని తీసేశానని చెప్పింది. ఎవరి పేరూ ఎత్తలేదు. ఇంజనీరుగారు సంతోషంగా తలూపారు. మరి మా వీధిలో వస్తువులు ఎక్కువగా పాడవడానికి కారణం ఏమిటని అధ్యక్షుడు అడిగాడు. ప్రొఫెసరుగారు గొంతు సవరించుకుని, "మిగిలిన ఇళ్లన్నీ కలిపి చూస్తే, ముఖ్యంగా దుమ్ము, బొద్దింకలు," అన్నారు. మొదటి రోజు సంగతి ఎవరూ మరిచిపోలేదు. గదిలో తలలన్నీ నెమ్మదిగా నావైపు తిరిగాయి. అధ్యయనంలోంచి మా ఇల్లు తీసేసినా నా బొద్దింకలు మాత్రం మిగిలిపోయాయి.

ఆ తర్వాత వాళ్ల టర్ము అయిపోయింది. రిపేరు పని మెయిన్ రోడ్డు అవతలి వీధికి మారింది, మొదటినుంచీ అనుకున్నదే. సంఘం గదికి తాళం పడింది. పిన్ని ఇంట్లో ప్లగ్గుకున్న పెట్టెను ఎవరో కుర్రాడొచ్చి పీక్కుపోయాడు, గుమ్మంలోనే నిలబడి.

గోడ అవతల మళ్లీ కుక్కర్ కూత, కుళాయి చప్పుడు, కుర్చీ. రేడియో ఉంది గానీ ఎక్కువసేపు పెట్టేది కాదు. నాబ్ లేని ఆ పుల్లను వేళ్లతో తిప్పితే గొంతు ఒకసారి గుసగుసగా, ఒకసారి ఉరుములా వచ్చేది. ఉరిమినప్పుడు గబుక్కున కట్టేసేది. ఇంట్లో అన్ని వస్తువులూ లక్షణంగా పనిచేస్తున్నాయి. అంత బాగా పనిచేసే ఇల్లు మా వీధిలో ఇంకోటి లేదు. నేను ఒకటి రెండుసార్లు, "మిక్సీ కావాలా పిన్నీ?" అని అడిగాను. "ఎందుకు?" అంది. నిజమే, ఎందుకు.

శనివారాలు మాత్రం పొద్దున్నే మంచి చీర కట్టుకునేది. కట్టుకుని ఎక్కడికీ వెళ్లేది కాదు. వరండాలో కాసేపు కూర్చుని లోపలికి వెళ్లిపోయేది.

వానలు మొదలై, ఆగి, మళ్లీ ఎండలు కాసే రోజుల్లో ఒక మధ్యాహ్నం గేటు చప్పుడైంది. నేను పప్పు ఏరుతున్నాను. కిటికీలోంచి చూస్తే పొట్టి జడ, కళ్లజోడు. చేతిలో పనిముట్ల పెట్టె లేదు, చిన్న కాగితం పొట్లం ఉంది. గేటు తీసింది గానీ, తీసిన గేటు పట్టుకుని అక్కడే నిలబడింది. చాలాకాలం కోపంగా ఉన్నవాళ్లకు కోపం పోయాక చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియదు.

"ఎవరూ?" అంటూ పిన్ని వచ్చింది. చూసింది. "నువ్వా," అంది.

"అవతలి వీధిలో ఒకాయన పాత రేడియో పారేస్తుంటే దానికి నాబ్ ఉంది. తెస్తానన్నాను కదా."

"లోపలికి రా."

నేను పప్పు చేట పక్కన పెట్టాను. గోడకు చెవి ఆనించానని మీరనుకోవచ్చు. ఆనించలేదు. గోడే పల్చన.

లోపల కుర్చీ లాగిన చప్పుడైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. చాలాసేపు లేదు. హాస్టల్ లేదు, సాంబారు లేదు. చేతిలో పని లేకపోతే ఆ పిల్లకు నోరు నడవదు. చెప్పేవాళ్లు లేకపోతే ఈవిడకు ఊకొట్టడం రాదు. పరీక్షలెప్పుడని అడగొచ్చుగా పిన్నీ అని లోపల్లోపల గొణుక్కున్నాను.

చివరికి పిన్నే మాట్లాడింది. గొంతు మామూలుగానే ఉంది, ఎక్స్చేంజి గొంతు.

"నీకు పనులుంటాయి. అక్కడ పెట్టి వెళ్లమ్మా, నేను తగిలించుకుంటాను. సరే మరి, పెట్టే..."

"పిన్నిగారూ," అంది అమ్మాయి మధ్యలో. "టార్చి ఎక్కడుంది?"

"ఎందుకు?"

"నాబ్ పెట్టాలి కదా. వెలుగు కావాలి."

మిట్టమధ్యాహ్నం. మా వాకిట్లో ఎండకు కళ్లు తెరవలేకపోతున్నాం. నాబ్ అంటే పుల్లమీద పెట్టి నొక్కితే ఉండిపోయేది. అలమారా తలుపు తెరిచిన చప్పుడు, ఏదో కిందపడిన చప్పుడు, పిన్ని గబగబా నడిచిన చప్పుడు వినబడ్డాయి.

"కొంచెం ఇటు," అంటోంది అమ్మాయి. "ఇంకొంచెం. ఆ, అక్కడే. కదపకండి." తర్వాత కాసేపటికి, "మా రూమ్మేట్ ఉందే, ఇప్పుడు నిద్రలో లెక్కలు మానేసింది. పాడుతోంది."

"ఊ," అంది పిన్ని.

నాబ్ బిగించడానికి చాలాసేపే పట్టింది. నా పప్పు పొయ్యెక్కి, ఉడికి, చల్లారింది.

అమ్మాయి మళ్లీ ఎప్పుడొస్తానో చెప్పలేదు, పిన్ని అడగలేదు. గేటు వేసుకుని ఎండలో వెళ్లిపోయింది. నేను కూరగాయల తొక్కలు పారేసే మిషతో బయటికొచ్చాను. పిన్ని గేటు దగ్గర నిలబడి, యూనివర్సిటీ గోడ మలుపు తిరిగే చోటుకేసి చూస్తోంది. అక్కడెవరూ లేరు. లోపల రేడియో సన్నగా, హాయిగా, ఉరమకుండా పలుకుతోంది.

"పిన్నీ," అన్నాను. "చేతిలో టార్చి వెలుగుతోంది."

"తెలుసు," అంది.